బాయిల దిగినా వస్తదన్న సిగ్నల్

మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ వచ్చే చోటు ఒక్కటే ఉండేది. దొడ్లో బట్టలుతికే బండ. ఆ బండ మీద కూడా ఎక్కడంటే అక్కడ నిలబడితే రాదు. గోడ వైపు మూల మీద నిలబడి, కొండగట్టు దిక్కు మొహం పెట్టి, ఫోన్ కుడి చెవికి ఆనించుకోవాలి. ఎడమ చెవికి మార్చితే మాట తెగిపోతుంది. ఇదంతా అక్కడి హనుమంతుడు, మా అంజన్న దయ అనుకునేవాళ్లం. ఆయన సముద్రమే దాటినవాడు, మా మాటలు నాలుగు దాటించడం ఆయనకేం లెక్క?

సముద్రం ఎందుకు దాటాలంటే, మా ఆయన దుబాయిలో ఉండేవాడు. మా దిక్కున ఏ దేశం పోయినా దుబాయి అనే అంటారు. అక్కడ బిల్డింగుల పని. శుక్రవారం సెలవు. మధ్యాహ్నం వండుకుని తిన్నాక ఫోన్ చేసేవాడు. ఆ వేళకు నేను బండెక్కేదాన్ని.

నేను ఐదో తరగతి దాకానే చదివాను. ఇట్లా కూర్చుని రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి. అయినా రాయడం కంటే ఆ బండ మీద నిలబడి మొగుడితో మాట్లాడటమే కష్టమని ముందే చెప్తున్నాను.

బండ ఎత్తుగా ఉంటుంది. దాని మీద నిలబడితే నా తల, భుజాలు గోడ పైకి వస్తాయి. గోడ అవతల మా వదినె ఇల్లు. వదినె అంటే మా ఆయనకు అక్క. చిన్నప్పుడే తల్లి పోతే ఆయనను ఎత్తుకుని పెంచింది ఆమే. ఊళ్లోనే ఇచ్చారు, మా పక్కనే ఇల్లు కట్టుకున్నారు, ముందు గదిలో కిరాణం నడుపుతుంది. శుక్రవారం మధ్యాహ్నం కాగానే ఆమెకు బియ్యంలో రాళ్లు కనపడేవి. చాట తెచ్చుకుని గోడ పక్కన కూర్చుని ఏరేది. మిగతా వారమంతా ఆ ఇంట్లో రాళ్లతోనే తినేవాళ్లేమో, నేను అడగలేదు.

ఇటు ఇట్లా ఉంటే, అటు కాంపులో మా ఆయన గదిలో మంచం మీద మంచం. గదినిండా మనుషులు. ఒకరు ఫోన్ పట్టుకుంటే మిగిలినవాళ్లు పని లేక వింటారు. మా కాపురం ఇన్నేళ్లూ రెండు సభల మధ్య నడిచింది. ఎట్లా నడిచిందంటే ఇట్లా.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు తిన్నవా?"

"తిన్న. వాన వడ్డదా?"

"పడలే. ఆడ?"

"ఈడ వాన ఏడిదే?"

ఎడారిలో వాన పడలేదన్న సంగతి నేను వారం వారం తెలుసుకునేదాన్ని. బర్రె ఈనిందని, గోడ పెచ్చు ఊడిందని, ఫలానా వాళ్లింట్లో పెళ్లి కుదిరిందని చెప్పేదాన్ని. చెప్పాల్సింది మాత్రం చెప్పేదాన్ని కాదు.

ఆషాఢంలో ఒక శుక్రవారం ఆయన మామూలుగా వాన సంగతి అడిగి అన్నాడు. "కంపెనోళ్లు ఇంక రెండేండ్లకు సంతకం వెట్టమంటున్రు. పెడితే ఉండుడే. పెట్టకపోతే ఈ కాయితం గడువు కాంగనె టికెట్ ఇచ్చి తోలుతరు. ఏం జెయ్యమంటవే?"

నా గొంతులో మాట తయారుగా ఉంది. వద్దు, వచ్చెయ్. ఇంతే. కానీ గోడ అవతల చాటలో బియ్యం చప్పుడు ఆగిపోయింది.

వదినెకు తమ్ముడు అక్కడే ఉండాలి. ఆమె కొడుకు చదువు ఆపేసి ఇంట్లోనే ఉన్నాడు. మామ వాణ్ని తన కంపెనీలోకి తీసుకుంటాడని ఆమె ఆశ. మామే తిరిగొస్తే ఇంక తీసుకునేదెవరు? ఈ మాట ఆమె నాతో ఎన్నిసార్లు అన్నదో. ఆమె వింటుండగా మొగుణ్ని రమ్మని పిలిస్తే, ఆ సాయంత్రానికి నేను తమ్ముణ్ని అక్కకు కాకుండా చేసిన దాన్నవుతాను. పైగా మొగుడు లేక ఉండలేకపోతోందని వాడకట్టంతా నవ్వుతుంది.

"నీ ఇష్టం," అన్నాను.

"నా ఇష్టం కాదే..." అన్నాడు ఆయన. అవతల ఎవరో దగ్గారు. "సరే తియ్యి. దసరా అయినంకనే అడుగుతరు. అప్పటిదాక మంచిగ సోంచాయించి జెప్పు."

గోడ అవతల చాట మళ్లీ చెరుగుడు మొదలుపెట్టింది.

మెసేజ్ రాయొచ్చు కదా అంటారు. ఆయనకు చదువు రాదు. నేను రాసింది పక్క మంచం అతను గట్టిగా చదివి వినిపిస్తాడు. గొంతు రికార్డు చేసి పంపితే గదంతా వింటుంది. ఊరవతల గుట్ట మీద సిగ్నల్ వస్తుందని అంటారు. మొగుడు దుబాయిలో ఉన్న ఆడది ఒక్కతే ఫోన్ పట్టుకుని గుట్టెక్కితే ఊరు ఏమంటుందో మా దిక్కు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నాకు కావాల్సింది ఒక్కటే. నా ఇంట్లో, నా గదిలో, తలుపేసుకుని, మెల్లగా ఆ రెండు మాటలు చెప్పగలిగే సిగ్నల్.

అట్లాంటి మనిషికి అంగట్లో గొడుగు కనపడితే ఏమవుతుంది?

వారం అంగడికి వదినె కిరాణం సామానుకు పోతే నేనూ వెంట పోయాను. బస్సు దిగేచోట పెద్ద రంగుల గొడుగు, దాని కింద ఒకతను చేతిలో ఫోన్ పైకెత్తి పట్టుకుని పిలుస్తున్నాడు. గొడుగు మీద కంపెనీ పేరు. ఆ పేరు నేను రాయను, రాస్తే వాళ్లు నన్ను "విలువైన కస్టమర్" అని మళ్లీ పిలుస్తారు.

"అక్కా, జర ఇటు జూడు. ఫుల్ సిగ్నల్! నంబర్ మారది, కంపెనీ మారుతది, గంతే."

"మా ఊర్ల వస్తదా?" అని ఊరు పేరు చెప్పాను.

"అయ్యో, మీ ఊర్ల మొన్ననే టవర్ చాలు జేసిన్రు."

ఎవరింట్లో ఎన్ని కోళ్లున్నాయో లెక్క తెలిసిన ఊరు మాది. ఒక టవర్ లేచి నిలబడితే తెలియదా? అయినా అతను చెప్తుంటే, నేనే తలెత్తి చూడలేదేమో అనిపించింది.

"ఇంట్ల వస్తదా? తలుపేసుకుంటే?"

"ఇంట్ల ఏందక్కా, బాయిల దిగినా వస్తది."

పక్కన ఉల్లిగడ్డలు అమ్మే ముసలాయన ఊరుకోలేదు. "బాయిల దిగి ఎవలికి ఫోన్ జేస్తరు బిడ్డా, యముడికా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "తలుపేసుకుంటే వస్తదా రాదా, అది జెప్పు," అన్నాను.

"దుప్పటి కప్పుకున్నా వస్తదక్కా, ఫికర్ జెయ్యకు."

నా మనసులోని మాట ఇతనికెట్లా తెలిసిందా అని సిగ్గేసింది. సిగ్గుపడ్డ మనిషి బేరం బాగా చేయలేదు. సరే అన్నాను.

అతను ఎర్రలైటు వెలిగే చిన్న మిషన్ తీశాడు. "వేలు వెట్టు." పెట్టాను. మిషన్ ఒప్పుకోలేదు. "తలకు రుద్ది వెట్టు." రుద్దాను. "కొంగుకు తుడువు." తుడిచాను. పక్కన నిమ్మకాయలామెను అడిగి ఒక చెక్క పిండుకుని కూడా పెట్టాను. కుడి చెయ్యి అయ్యాక ఎడమ చెయ్యి. ఒక్క వేలు కూడా పడలేదు.

నేను ఊహ తెలిసినప్పటి నుంచి బీడీలు చేస్తున్నాను. మా అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని చేస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను. తునికాకు చుట్టి చుట్టి, మూతి మలిచి మలిచి, వేళ్ల మీది గీతలన్నీ అరిగిపోతాయి. మా వాడకట్టులో సగం మంది ఆడవాళ్ల వేళ్లు గాజు పలకల్లా ఉంటాయి. రేషన్ దుకాణంలో కూడా ఇదే పరేషాన్.

"అక్కా, నీకు వేళ్లే లేవు," అన్నాడు అతను.

పది వేళ్లు ముందు పెట్టుకుని నిలబడ్డాను. వెనక నుంచి వదినె సామాను సంచి కింద పెట్టింది. "జరుగు పిల్లా. నాది వెట్టు." పప్పు, బెల్లం తూచే వేలు, నున్నగా ఉంది. అట్లా పెట్టగానే మిషన్ కీచుమని పచ్చలైటు వేసింది. ఆమెకు గర్వం వచ్చింది. వేలిచ్చినందుకు ఒక ప్లాస్టిక్ డబ్బా కూడా వచ్చింది.

"నంబర్ నీదే, వేలు ఈ అక్కది. ఏం ఫరక్ పడది," అన్నాడు అతను. మిషన్ సంచిలో పెట్టుకుంటూ, నోట్లో నోట్లోనే ఇంకో మాట కూడా అన్నాడు. "మూడు నెల్లదాక మల్ల కంపెనీ మారరాదు. మారే అవసరమే రాదనుకో."

మా తల్లిగారిల్లు ఆసిఫాబాద్ అవతల అడివి దగ్గర. అక్కడ సిగ్నల్ రాదు. రాదని అందరికీ తెలుసు, వస్తుందని ఎవరూ గొడుగేసుకుని వచ్చి చెప్పరు. ఆ ఊరి మీద నాకు అప్పుడెంత గౌరవం కలగాలో అంత కలగలేదు. తర్వాత కలిగింది.

కొత్త సిమ్ పని మొదలుపెట్టిన రోజు లోపలి గదిలోకి పోయాను. తలుపేశాను. ఫోన్ చూశాను. ఒక్క గీత లేదు. మంచమెక్కాను, దిగాను, మూలలకు పోయాను. నిజం చెప్తున్నాను, దుప్పటి కప్పుకుని కూడా చూశాను. దుప్పటి కింద చీకటి, ఉక్కపోత, ఫోన్ వెలుగులో నా మొహం. అంతే.

పోనీ అని బండెక్కాను. కొండగట్టు దిక్కు తిరిగాను. లేదు. అన్ని దిక్కులకూ తిరిగాను, గుళ్లో ప్రదక్షిణం చేసినట్టు. లేదు. అంజన్న పాత కంపెనీ మనిషే అని అప్పుడర్థమైంది. బావిలో ఒక్కటే దిగి చూడలేదు. గొడుగు కింది మనిషి దొరికితే ఇద్దరం కలిసే దిగుదామని ఆపాను.

సిగ్నల్ లేదని చెప్పడానికి కంపెనీకి ఫోన్ చేయాలి. ఫోన్ చేయడానికి సిగ్నల్ లేదు. వదినె ఫోన్ అడిగి తీసుకుని, పాత బండ మీద నిలబడి, కొత్త కంపెనీకి చేశాను. ముందు పాట వచ్చింది. మీరు మాకు చాలా విలువైన వారని ఒక గొంతు చెప్పింది. మళ్లీ పాట వచ్చింది. చివరికి ఒక అమ్మాయి వచ్చింది, రేడియోలో వార్తలు చదివినంత చక్కగా మాట్లాడింది.

"మీ సమస్య ఏమిటో తెలుసుకోవచ్చా మేడమ్?"

"సిగ్నల్ లేదు బిడ్డా."

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్. దయచేసి సమస్య ఉన్న నంబర్ నుంచే కాల్ చేయగలరా?"

"దానికి సిగ్నలే లేదంటున్న. దాన్నుంచి ఎట్ల జెయ్యాలె?"

అవతల ఏదో కాగితం తిప్పిన చప్పుడైంది. కాగితంలో దీనికి జవాబు రాసి ఉండదు. "ఒకసారి ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడమ్."

"జేసిన."

"ఇంటి బయటకు, ఆరుబయటకు వెళ్లి ప్రయత్నించండి మేడమ్."

"ఆరుబయట మాట్లాడుడు పడలేకనే కదమ్మా మీ కంపెనీల వడ్డ!"

"ధన్యవాదాలు మేడమ్. మీ ప్రాంతంలో మా కవరేజ్ చాలా బాగుంది. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

గోడ అవతల నుంచి వదినె అరిచింది. "అయ్యిందా? బ్యాటరీ దిగుతాంది!"

మరుసటి అంగడికి గొడుగు వెతుక్కుంటూ పోయాను. గొడుగు ఉంది. అదే రంగులు, అదే కంపెనీ పేరు. దాని కింద కడాయి పెట్టి ఒకామె మిర్చీలు వేస్తోంది.

"ఈడ సిమ్ములమ్మే ఆయనేడి?"

"గాయిన వోయిండు. ఇంకో ఊర్ల వని వడ్డదట. గొడుగు నాకిచ్చిండు. మంచి గొడుగు, సుక్క కారది." జాలర గరిటెతో మిర్చీలు తిప్పుతూ అంది. "నువ్వు నాలుగోదానివి అడుగుడు. తింటవా?"

తిన్నాను. ఆ గొడుగు కింద చెప్పింది చెప్పినట్టు ఇచ్చింది ఆమె ఒక్కతే.

తర్వాత కరీంనగర్ పోయాను. అక్కడ ఆ కంపెనీ అద్దాల షాపు ఉంది. లోపల చల్లగా ఉంది. టై కట్టుకున్న అతను ఓపికగా విని, కంప్యూటర్ నా వైపు తిప్పాడు. అందులో మ్యాపు. మ్యాపంతా పచ్చ.

"చూడండి మేడమ్. ఇది మీ ఊరు. పూర్తిగా గ్రీన్. అంటే ఇంటి లోపల కూడా కవరేజ్ ఉన్నట్టు."

"సారూ, ఈ యేడు వానల్లేక మా పొలాలన్ని ఎర్రగ ఎండినయ్. మా ఊరు పచ్చగున్నది మీ డబ్బలనే."

పక్కన వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. అతనికి నవ్వాలో వద్దో తెలియలేదు. పాపం, చిన్న ఉద్యోగం. వేరే కంపెనీకి పోతానంటే మూడు నెలలు ఆగాలన్నాడు. అది రూల్ అట. సిగ్నల్ ఇస్తామన్న మాటకు రూల్ ఉందా అంటే, అది ప్రకటన మేడమ్ అన్నాడు. అయినా మూడు నెలలు ఆగితే పోవచ్చు కదా అనుకుంటుండగానే నంబర్ కొట్టి చూసి మళ్లీ తలెత్తాడు.

"ఈ నంబర్ మీ పేరు మీద లేదు మేడమ్. వేరే ఆమె పేరు మీద ఉంది. మారాలన్నా, ఫిర్యాదు రాయాలన్నా ఆమే రావాలి. వేలిముద్ర వేయాలి."

మా ఆయన నోటికి వచ్చిన నంబర్ అదొక్కటే. అక్కడ ఎవరి ఫోన్ దొరికినా గుడ్డిగా కొట్టే నంబర్. అది వదినె బొటనవేలి కింద ఉంది.

ఇంటికొచ్చి ఆమెతో చెప్పాను. ఒకసారి కరీంనగర్ వచ్చి ఫిర్యాదన్నా రాసిపొమ్మన్నాను. ఆమె బెల్లం గడ్డ కొడుతూ వింది.

"ఇంట్ల సిగ్నల్ కావాల్నని ఇంత తిప్పలెందుకే నీకు? బండ మీద మాట్లాడితె ఏమైతది? దొంగ ముచ్చటలా?"

"దొంగ ముచ్చటలెందుకుంటయ్ వదినె."

"మరింకేంది?" అని నా మొహం చూసింది. చాలాసేపు చూసింది. బెల్లం కొట్టే రాయి పక్కన పెట్టింది. ఆమె తెలివిగలది. నా నోట్లోంచి రాని మాట నా మొహం మీద చదువుకుంది. "దుకానం ఇడిసి నేనేడికి రాను పిల్లా. మూడు నెల్లే గదా. ఆగు."

మూడు నెలలంటే దసరా దాటిపోతుంది. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఇక ఆ వర్షాకాలం శుక్రవారాలు ఎట్లా గడిచాయో చెప్తాను. ఆయన ముందు నా నంబర్‌కు చేసేవాడు. కవరేజ్ ఏరియాలో లేరని చెప్పించుకునేవాడు. మళ్లీ చేసేవాడు, మళ్లీ చెప్పించుకునేవాడు. అప్పుడు అక్కకు చేసేవాడు. ఆమె ఫోన్ దుకాణంలో మోగుతుంది కానీ మాట నిలవదు, అందుకని దాన్ని పట్టుకుని మా దొడ్లోకి వచ్చి నా బండే ఎక్కేది. స్పీకర్ పెట్టేది. నేను కింద నిలబడి పైకి చూస్తూ మాట్లాడాలి, ఎత్తులో ఉన్న దేవుడికి మొక్కుకున్నట్టు. ఇదివరకు గోడ ఒకటి అడ్డం ఉండేది. నేను మారిన కొత్త కంపెనీ ఆ గోడ కూడా తీసేసింది.

"తమ్మీ, ఇగో నీ పెండ్లాం ఈడనే ఉన్నది, మాట్లాడు."

"తిన్నవా?" అనేదాన్ని.

"తిన్న. నీ ఫోన్ ఏమైందే? ఎప్పుడు జేసినా ఏరియల లేదంటది. ఏడ తిరుగుతున్నవే?"

ఇంట్లోనే కూర్చున్న దాన్ని ఏరియాలో లేదని మొగుడికి చెప్పిన కంపెనీని ఏమనాలి? గదిలో వెనక ఎవరో నవ్వడం స్పీకర్లో వినపడింది.

ఒకసారి వదినే అడిగింది. "సంతకం ముచ్చట ఏం జేసినవ్ తమ్మీ?"

"ఆమె ఏమంటదోనని జూస్తున్ననక్కా."

"ఆమె ఏమంటది? నీ ఇష్టమన్నది గదా. గోడ అవతల నుంచి నా చెవులతోని నేనే ఇంటి!"

అని నాలిక కరుచుకుంది. నేను కింద నుంచి చూశాను. ఆమె కొండగట్టు దిక్కు చూసింది.

బతుకమ్మలు మొదలవుతాయనగా ఒక రోజు బీడీలు అప్పగించడానికి కార్ఖానకు పోయాను. కార్ఖాన అంటే పెద్దదేం కాదు, రేకుల షెడ్డు, ముందు అరుగు. గుమాస్తా కూర్చుని కట్టలు చూసి, బాగా లేనివి ఏరి పారేస్తాడు. ఆడవాళ్లం చాటలు, కత్తెరలు పెట్టుకుని, చుట్టుకుంటూనే అరుగు మీద వరసగా కూర్చుంటాం. నా వంతు కోసం కూర్చున్నాను. కొంగులో ముడేసుకున్న ఫోన్ ఉన్నట్టుండి టింగుమంది. మళ్లీ టింగుమంది. ఆగకుండా మోగింది. ఇన్ని రోజుల మెసేజ్‌లన్నీ గేటు తీసిన మేకల్లా వచ్చి పడ్డాయి. అన్నీ కంపెనీవే. హైస్పీడు సేవలు ఆనందించండని.

గీతలు చూశాను. నాలుగూ ఉన్నాయి. రెండడుగులు పక్కకు జరిగితే ఒక్కటి కూడా లేదు. మా ఊరికి టవర్ వచ్చిందో, పక్క ఊరి టవర్ కళ్లు మూసుకుని ఒక చెయ్యి ఇటు చాపిందో తెలియదు. మొత్తానికి కంపెనీ మాట నిలబెట్టుకుంది. మా ఊళ్లో సిగ్నల్ ఉంది. ఆడవాళ్లందరూ ఒకచోట కూర్చునే అరుగు మీద, నడిమధ్యన ఉంది.

నేను చాలా నవ్వుకున్నాను. ఒక్క చెవి తప్పించుకుందామని పోతే ఇరవై చెవుల మధ్య కూర్చోబెట్టారు.

దసరా అయ్యాక వచ్చిన శుక్రవారం మధ్యాహ్నం నేను బీడీల గంప ఎత్తుకుని కార్ఖానకు పోయాను. వదినె గోడ మీది నుంచి చూసింది. "ఫోన్ వస్తది గదనే? ఏడికి వోతున్నవ్?"

"బీడీలియ్యాలె వదినె," అన్నాను. అది అబద్ధం కాదు.

అరుగు మీద ఆ రెండడుగుల జాగాలో కూర్చున్నాను. పక్కన పెద్దవ్వ. ఆమెకు కళ్లు సరిగా కనపడవు, అయినా బీడీ చుట్టితే గుమాస్తా ఏరలేడు. ఆమె కొడుకులిద్దరూ దుబాయిలోనే. ఆ మాటకొస్తే ఆ అరుగు మీద కూర్చున్న వాళ్లలో మొగుడో కొడుకో అక్కడ లేని మనిషి లేదు.

ఫోన్ మోగింది. వారాల తర్వాత నా ఫోన్‌లో ఆయన గొంతు విన్నాను.

"అరే, తాకిందే!" అన్నాడు, తనే నమ్మలేనట్టు. "ఇనే. ఇయ్యాల కాంప్ బాస్ వచ్చిండు. సంతకమా టికెటా చెప్పుమంటుండు. బయట నిలవడ్డడు. ఏమంటవ్?"

తలెత్తాను. కత్తెరలు ఆగాయి. చాటలు ఆగాయి. గుమాస్తా కూడా కట్ట చేతిలో పట్టుకుని ఆగాడు. నేను మూడు నెలలుగా తలుపేసుకుని చెప్పాలనుకున్న మాట.

"వద్దు," అన్నాను మెల్లగా. "రా."

"ఏంది? ఇనవస్తలే!"

"వద్దంటున్న. వచ్చెయ్."

"అరె, ఈడ ఏసీ మోత. గట్టిగ జెప్పే!"

పెద్దవ్వ నా మోకాలు మీద కొట్టింది. "గొంతు లేదానే? ఇరుగు పొరుగు మీద అరిసేటప్పుడు ఊరవతలికి ఇనవడ్తది!"

నేను లేచి నిలబడ్డాను. "సంతకం పెట్టకు! ఇంటికి రా! నాకు రెండేండ్లు వద్దు, ఒక్క నెల వద్దు, నువ్వు రా!"

అవతల చప్పుడు లేదు. లైన్ తెగిందేమోనని గీతలు చూసుకున్నాను. పెద్దవ్వ ఫోన్ ఉన్న దిక్కు మెడ చాపి తనూ అరిచింది. "ఓ పిలగా! రమ్మంటాంది! చెవిటోనివా?" వెనక నుంచి ఇంకొకామె, "రా అన్నా, రా!" అంది. ఇంకెవరో నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వు కాదని పక్కనున్న వాళ్లందరికీ తెలిసింది.

"ఎంతమందున్నరే ఆడ?" అన్నాడు ఆయన.

"శానమంది."

"ఈడ గూడ శానమందే ఇంటున్రు." అన్నాడు. గొంతు మారింది. "సరే. వస్త."

గుమాస్తా ఆ రోజు నా కట్టల్లో ఒక్క బీడీ కూడా ఏరలేదు.

నేను ఇల్లు చేరేసరికి వదినె గడపలో నిలబడి ఉంది. ఆ మాట నాకంటే ముందే వచ్చేసింది. దానికి ఏ టవరూ అక్కర్లేదు, బావిలో దిగినా వస్తుంది.

"గట్టిగనే జెప్పినవట."

"మెల్లగ జెప్తె ఇనవడలే వదినె."

"నాతోనొక్క మాట అనొద్దానే?"

"అంటె నువ్వేమందువు?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "వద్దందును."

"గందుకే అనలే."

కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆయన వచ్చిన రోజు మాత్రం కోడిని ఆమే కోసింది. తమ్ముడి నెత్తి నిమిరి ఏడ్చింది. తర్వాత నన్ను చూసి, "నడువు, ఆ వేలేందో పెట్టేస్త. వాడు ఇంట్లనే ఉన్నంక ఆ నంబర్ నాకెందుకు," అంది.

గడువు తీరాక ముగ్గురం పోయాం. ఆమె వేలు పెట్టగానే మిషన్ కీచుమంది, పాత కంపెనీకి తిరిగొచ్చేశాం. ఇక నంబర్ మా ఆయన పేరు మీదికి మార్చమన్నాం. ఆయన వేలు పెట్టాడు. పడలేదు. తలకు రుద్దాడు. చొక్కాకు తుడిచాడు. నేను నిమ్మకాయ కోసం చూశాను. సిమెంటు పనికి ఆయన వేళ్లు నా వేళ్ల కంటే నున్నగా అయ్యాయి. షాపులో అతను ఇద్దరి చేతులూ చూసి మిషన్ పక్కన పెట్టేశాడు. నా వేళ్లు బీడీ కంపెనీ తినేసింది, ఆయనవి బిల్డింగుల కంపెనీ తినేసింది. వేళ్లు లేవని ఫోన్ కంపెనీ అంటోంది. నంబర్ ఇప్పటికీ వదినె పేరు మీదనే ఉంది.

మా ఆయన ఇప్పుడు జగిత్యాలలో మేస్త్రీ పని చేస్తున్నాడు. సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. సిగ్నల్ మాత్రం ఇంట్లోకి ఇంకా రాలేదు.

వదినె కొడుకు వేరే ఏజెంటును పట్టుకుని పోనే పోయాడు. ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఫోన్ పట్టుకుని మా దొడ్లోకి వస్తుంది. మోకాళ్ల నొప్పులతో నా బండెక్కుతుంది. అంజన్న దిక్కు తిరిగి, ఫోన్ కుడి చెవికి పెట్టుకుంటుంది. స్పీకర్ పెట్టదు.

"తిన్నవా బిడ్డా?" అంటుంది. "ఈడ పడ్డది. ఆడ వాన ఏమన్న వడ్డదా?"

నేను ఉతుకుతున్న బట్టలు బకెట్లో వేసుకుని, లోపలికి పోయి, తలుపేసుకుంటాను.